వనపర్తి రోడ్డు యార్డులోని గూడ్సు పెట్టెలు

1. ఉపక్రమణిక

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డను గూర్చియు, కృష్ణకు ఉత్తరముననున్న వనపర్తి సీమను గూర్చియు మన భాషాశాఖలలో జరిగిన పరిశోధనము స్వల్పము కాదు. విద్వద్గద్వాలయని పేరొందిన సంస్థానము యొక్క సాహిత్యపోషణము, వనపర్తి ప్రభువుల కవిపండితాదరణము, ఆలంపురమునందలి నవబ్రహ్మాలయముల శిల్పము, ఆ క్షేత్రమునందలి శాసనములు—వీనిని గూర్చి గ్రంథములును వ్యాసములును వెలువడినవి. కాని ఈ సీమ ప్రజలు పండించిన పంట యెట్లు వెలికి పోయెను, వారికి కావలసిన ఉప్పును, కిరసనాయిలును, ఇనుమును ఏ దారిని వచ్చెను అను ప్రశ్నలను మనము అంతగా వేసికొనలేదు. కోటగోడను చూచిన కంటితో గూడ్సు పెట్టెను చూచుట మనకు అలవాటు కాలేదు.

సురవరము ప్రతాపరెడ్డిగారు ఈ సీమవారే. గద్వాల ప్రాంతమున 1896లో జన్మించి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, 1952లో వనపర్తి నియోజకవర్గమునుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన ఆ మహనీయుడు తన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధములను ప్రక్కన బెట్టి జనుల తిండిని, బట్టను, ఆటలను, వర్తకమును చరిత్రకు విషయముగా స్వీకరించిరి. వారు చూపిన మార్గమున మఱికొంత దూరము నడచి, ఇరువదవ శతాబ్దపు సామాన్యజీవితమునకు సాక్షులైన రైలుపెట్టెలను పరిశీలింపవలెనని మా తలంపు. మేము బాల్యమున, అనగా 1970 మొదలుకొని వచ్చిన దశాబ్దమున, వనపర్తి రోడ్డు స్టేషను యార్డులో నిలిచియుండిన గూడ్సు పెట్టెలను చూచితిమి. అవి నేడు లేవు. వానిమీది వ్రాతలను ఎవరును ఎత్తి వ్రాసికొనలేదు. మా జ్ఞాపకమును, తెలిసిన రైలుచరిత్రను జోడించి ఆ వ్రాతలకు అర్థము చెప్పుటయే ఈ వ్యాసమున మా ప్రయత్నము.

2. మార్గము యొక్క పుట్టుపూర్వము

నిజాము రాజ్యమున తొలుత వచ్చినది బ్రాడ్‌గేజి మార్గము. వాడి నుండి హైదరాబాదు వఱకు 1874లో రైలు నడచెను. ఆ మార్గమే తూర్పుగా సాగి 1889లో బెజవాడను చేరినది. ఈ రెండును మహారాష్ట్రము వైపునకును, తీరాంధ్రము వైపునకును దారిచూపినవి గాని, పాలమూరు సీమను స్పృశింపలేదు. 1900 ప్రాంతమున హైదరాబాదు గోదావరీలోయ రైల్వే పేర మన్మాడు వఱకు వేయబడిన మార్గము మీటరు గేజిది. దీనికి దక్షిణపు కొనసాగింపుగా తలపెట్టబడినదే సికింద్రాబాదు–గద్వాల మార్గము. కాచిగూడ స్టేషను భవనము 1916లో నిర్మింపబడినది. అటనుండి షాదునగరు, జడ్చర్ల, మహబూబునగరముల మీదుగా పట్టాలు అంచెలంచెలుగా దక్షిణమునకు జరిగి, దేవరకద్ర, కురుమూర్తి, వనపర్తి రోడ్డులను దాటి, కృష్ణపై వంతెన నెక్కి గద్వాలను చేరినవి. 1920 తరువాతి దశాబ్దము ముగియునప్పటికి తుంగభద్రయు దాటబడి, కర్నూలు కడ మదరాసు రాజధానిలోని మీటరు గేజితో అతుకు పడెను. కర్నూలు నుండి ద్రోణాచలము వఱకు పట్టాలు అంతకు ముందే యుండెను.

ఈ అతుకు చిన్న విషయము కాదు. ద్రోణాచలమునుండి ఒకవైపు గుంతకల్లునకు, వేఱొకవైపు నంద్యాల మీదుగా గుంటూరునకు మీటరు గేజి మార్గములుండెను. గుంతకల్లు నుండి హుబ్బళ్ళి, బెంగుళూరు ప్రాంతములకు దారి యుండెను. అంతవఱకు మన్మాడు వైపు మాత్రమే తిరిగియుండిన నిజాము రాజ్యపు మీటరు గేజి, ఈ అతుకుతో దక్షిణాపథపు మీటరు గేజితో ఒక్కటైనది. ఆ కలయికకు నడుమ దారిలో నిలిచిన చిన్న స్టేషనులలో వనపర్తి రోడ్డు ఒకటి.

ఈ మార్గము చరిత్రలో ఒక విషాదమును గలదు. 1956 సెప్టెంబరు మాసమున జడ్చర్ల మహబూబునగరముల నడుమ వంతెన కూలి ప్రయాణికుల బండి ఏటిలో బడగా నూరుమందికి పైగా మరణించిరి. నాటి రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా నీయజూపిరి, అది అంగీకరింపబడలేదు. ఆ యేటనే నవంబరులో అరియలూరు ప్రమాదము జరిగిన పిమ్మట వారు పదవిని వీడిరి. దేశమంతయు ఈ మార్గము పేరు వినినది ఆ ఒక్కసారియే యని చెప్పవచ్చును. మిగిలిన కాలమంతయు ఇది సరకులను, కూలిజనమును మోయుచు సడిలేక బ్రదికినది.

3. ‘రోడ్డు’ అను మాట

స్టేషను పేరున గల ‘రోడ్డు’ అను పదము విచారింపదగినది. పట్టాలు ఊరిని తాకక దూరముగా పోయినపుడు, ఆ యూరికి బోవు బాట దగ్గఱ స్టేషను కట్టి, ఊరి పేరునకు ‘రోడ్డు’ చేర్చుట రైల్వేవారి సంప్రదాయము. వనపర్తి రోడ్డు స్టేషను మదనాపురము కడ నున్నది. వనపర్తి పట్టణము అటనుండి చాల దూరము. ఈ మార్గముననే ఆలంపురము రోడ్డు అను మఱియొక స్టేషను కలదు. సంస్థానపు రాజధానియును, బాదామి చాళుక్యుల నాటి క్షేత్రమును, రెండును రైలు పటములో ‘రోడ్డు’లే అయినవి.

దీనివలన యార్డు స్వభావము నిర్ణయమైనది. వనపర్తి గంజిలో కొనిన సరకు నేరుగా పెట్టెలోనికి ఎక్కదు. ముందు ఎడ్లబండి, తరువాతి కాలమున లారీ, దానిని స్టేషను వఱకు చేర్పవలెను. అచ్చట గూడ్సు షెడ్డులో దించి, పెట్టె దొరకు వఱకు కావలి కాయవలెను. నాగరుకర్నూలు వైపు వారికి ఇంతమాత్రము సౌకర్యమును లేదు. ఆ సీమకు రైలే రాలేదు. గద్వాలనుండి మాచర్లకు మార్గము వేయవలెనని దీర్ఘకాలముగా కోరబడుచున్నను, ఆ ప్రాంతపు సరకు జడ్చర్ల వంటి స్టేషనులను వెదకికొని పోవలసివచ్చెను. జడ్చర్లను ఆనుకొనిన బాదేపల్లి పెద్ద గంజిగా పెరుగుటకు ఒక కారణ మిదియే యని మేము భావించుచున్నాము.

4. పెట్టె యొక్క రూపము

మేము చూచిన పెట్టెలలో ఎక్కువభాగము నాలుగు చక్రములవి. ఇనుపరేకు గోడలు, వంపు తిరిగిన కప్పు, ఇరువైపుల నడుమ తలుపులు. రంగు ఇటుకపొడి వంటి ముదురు ఎఱుపు. ఎండకు వానకు అది వెలిసి నేలరంగులో కలిసిపోయెడిది. ఎనిమిది చక్రముల బోగీ పెట్టెలును వచ్చుచుండెను. కప్పులేని తెఱపి పెట్టెలలో బొగ్గును, కంకరయు. అడుగు బల్ల మాత్రమే గల పెట్టెలలో దుంగలును, ఇనుప కమ్ములును. పీపావంటి ట్యాంకు పెట్టెలలో నూనెలును వచ్చెడివి. బండి తుదను గార్డుండు బ్రేకుపెట్టె.

బ్రాడ్‌గేజి పట్టాల నడిమి వెడల్పు అయిదడుగుల ఆరంగుళములు. మీటరు గేజిది పేరునందే యున్నట్లు ఒక మీటరు, అనగా మూడడుగుల మూడంగుళములకు కొంచెము పైన. ఈ రెండింటి పెట్టెలకు కలుపుకొక్కెములలోను భేదము కలదు. పాత బ్రాడ్‌గేజి పెట్టెకు ఇరుమూలల రెండు బఫర్లు, నడుమ మఱలతో బిగించు గొలుసు ఉండును. మీటరు గేజి పెట్టెకు నడుమ నొకే బఫరు, దానికే కొక్కెము. షంటింగు సమయమున పెట్టె పెట్టెను తాకినపుడు గంట మ్రోగినట్లు ఒకే ధ్వని వెలువడుటకు కారణ మిదియే. ఆవిరియింజనులలో వైజీ తరగతివి సరకుబండ్లను లాగుచుండెను. తరువాత వైడీఎం-4 డీజిలు యింజనులు వానిని తొలగించినవి.

ఒక గేజి పెట్టె వేఱొక గేజిపై నడువదు. కావున బ్రాడ్‌గేజిపై వచ్చిన సరకును సికింద్రాబాదులో దించి, మీటరు గేజి పెట్టెలలోనికి మరల ఎక్కింపవలసి యుండెను. సింగరేణి బొగ్గు ఈ మార్గమునకు రావలెనన్నను అట్లే. ప్రతి బస్తాయు రెండుసార్లు హమాలీ వీపు నెక్కినది. ఈ రెండవ మోతకు పట్టిన కాలము, కూలి, మధ్యలో చిరిగిన గోనెలనుండి రాలిన గింజ—ఇవన్నియు చివరకు సరకు ధరలోనికి చేరినవి. గేజి భేదమనునది పటముపై గీతల భేదము మాత్రమే యని తలచువారు ఈ సంగతిని గమనింపవలెను.

5. పెట్టెమీది వ్రాత

శాసనపరిశోధకుడు రాతిపై వంశము, దాత, దానము, కాలము అను అంగములను వేఱుచేసి చూచును. పెట్టె గోడమీది వ్రాతకును అట్టి అంగములు కలవు. మొదటిది యజమాని చిహ్నము. అనగా ఆ పెట్టె ఏ రైల్వేకు చెందినదో తెలుపు పొడి అక్షరములు. స్వాతంత్ర్యానంతరము రోమను లిపితో పాటు నాగరిలిపియు చేరినది. దక్షిణ మధ్య రైల్వే పెట్టెపై ‘ఎస్. సి.’ అనియు, నాగరిలో ‘దమ’ అనియు చూచిన జ్ఞాపకము మాకు కలదు. రెండవది పెట్టె జాతిని తెలుపు సంకేతము: కప్పు గలదా, తెఱపిదా, బోగీదా యని. మూడవది సంఖ్య. నాలుగవది ఖాళీ పెట్టె బరువును, మోయదగిన బరువును. అయిదవది కాలసూచిక: ఏ కార్ఖానాలో ఎప్పుడు పూర్తి మరమ్మతు జరిగినది, మరల ఎప్పటికి తిరిగి చేరవలెను అనునది. నిజాము రైల్వేకు సికింద్రాబాదు చేరువ లాలాగూడ కార్ఖానా యుండెను. మదరాసు దక్షిణ మహారాష్ట్ర రైల్వే మీటరు గేజికి హుబ్బళ్ళి కార్ఖానా ప్రసిద్ధము.

ఈ వ్రాతలు కాలనిర్ణయమునకు ఎట్లు తోడ్పడునో ఒక్క ఉదాహరణము చాలును. బరువులు కొలతల దశాంశపద్ధతికి 1956లో చట్టము వచ్చి, తరువాతి సంవత్సరములలో అది అమలైనది. అంతకు ముందు టన్నులలోను హండ్రెడ్‌వెయిట్లలోను వ్రాయబడిన పెట్టె బరువు, ఆ పిమ్మట మెట్రిక్ టన్నులలోనికి మారినది. పాత అంకెలపై కొత్త అంకెలు పూయబడిన గోడ, ఒకే రాతిపై రెండు కాలముల లిపి కలిగిన శాసనమువలె చదువదగినది.

పూతతో వ్రాసినవి స్థిరములు. ఇవిగాక అస్థిరములైన వ్రాతలును గలవు. తలుపు ప్రక్కనున్న చిన్న యినుపచట్రములో గుచ్చబడిన అట్టచీటిపై పంపిన స్టేషను, చేరవలసిన స్టేషను, సరకు పేరు ఉండెడివి. షంటింగు సిబ్బంది సుద్దతో గీసిన గుర్తులు ఒక వానకు చెఱగిపోయెడివి. తలుపు గడియకు కట్టిన తీగయు, సీసపు ముద్రయు సరకు మధ్యదారిని ముట్టబడలేదనుటకు ప్రమాణములు.

ఇచ్చట పరిశోధకునికి ఒక హెచ్చరిక అవసరము. బాల్యమున మేము పశ్చిమ రైల్వే పెట్టెను చూచి, అందులోని సరకు గుజరాతునుండియో రాజస్థానమునుండియో వచ్చినదని నిశ్చయించెడివారము. అది పొరపాటు. పెట్టెలు ఉమ్మడి వాడుకలోనివి. ఒక రైల్వే పెట్టె వేఱొక రైల్వేలో ప్రవేశించి దించబడిన పిమ్మట, అది ఖాళీగా ఇంటికి పోనక్కఱలేదు. అచ్చటివారు దానిని తమ సరకునకు వాడుకొని, రైల్వేల నడుమ నియమముల ప్రకారము లెక్క సరిచేసికొందురు. ఇట్టి ఉమ్మడి నియమములను ఇండియన్ రైల్వే కాన్ఫరెన్సు అసోసియేషను నిర్వహించుచు వచ్చెను. కావున యజమాని చిహ్నము పెట్టె పుట్టుకను చెప్పును గాని ఆ దినపు ప్రయాణమును చెప్పదు. ప్రయాణమును చెప్పునది అట్టచీటి. అదియే మొదట నశించునది. స్థిరమైన సాక్ష్యము స్వల్పము చెప్పును, విశేషము చెప్పు సాక్ష్యము స్థిరము కాదు. చరిత్రకారుని కష్టమంతయు ఇందున్నది.

6. నాలుగు పొరలు

ఐనను యజమాని చిహ్నములు నిష్ప్రయోజనములు కావు. ఒక పెట్టె ఒకచోటికి రావలెనన్న, అచ్చటికి అతుకు పడిన పట్టాలుండవలెను. అందువలన ఏ చిహ్నములు ఎప్పటినుండి రాగలిగెననునది ఆ కాలపు మార్గసంధానమును తెలుపును. ఈ దృష్టితో చూడగా వనపర్తి రోడ్డు యార్డు చరిత్రలో నాలుగు పొరలు కనబడుచున్నవి.

మొదటి పొర దక్షిణపు అతుకు పడని కాలము. అప్పుడు ఇచ్చటికి రాగలిగినవి నిజాము రాజ్యపు మీటరు గేజి పెట్టెలు మాత్రమే; పట్టాలు వేఱొకరి పట్టాలను కలియని చోట పరుల పెట్టె రాదు గదా.

రెండవ పొర కర్నూలు కడ అతుకు పడిన పిమ్మటిది. మదరాసు దక్షిణ మహారాష్ట్ర రైల్వే పెట్టెలు తుంగభద్రను దాటి రాగలిగినవి. 1930 ఏప్రిలులో నిజాము ప్రభుత్వము తన రైల్వేను కంపెనీ చేతినుండి స్వాధీనము చేసికొనినది. ఈ కాలమున తుంగభద్ర ఒక నది మాత్రమే కాదు, రెండు రాజ్యముల హద్దు. ఈవల కరోడ్‌గిరి సుంకము, ఆవల బ్రిటిషు చట్టము. ఈవల హాలీ సిక్కా, ఆవల కల్దారు రూపాయ. పట్టాలు కలిసినను రాజ్యములు కలియలేదు. 1947 నవంబరు నాటి యథాతథపు ఒడంబడిక పిమ్మట రెండు ప్రభుత్వముల సంబంధములు చెడినపుడు, సరకుల రాకను భారత ప్రభుత్వము అడ్డగించుచున్నదని నిజాము ప్రభుత్వము ఆరోపించినది. రైలు అతుకు ఎంత విలువైనదో, దానిని బిగించువాని చేతిలో అది యెట్టి ఆయుధమో అప్పుడు తెలిసివచ్చినది.

మూడవ పొర 1951తో మొదలగును. ఆ యేట ఏప్రిలులో దక్షిణ రైల్వేయు, నవంబరులో మధ్య రైల్వేయు ఏర్పడినవి. నిజాము రైల్వే మధ్య రైల్వేలో కలిసినది. పాత చిహ్నములపై కొత్త చిహ్నములు పూయబడినవి. 1960 ప్రాంతమున హింగోలి–ఖాండ్వా మార్గము పూర్తియగుటతో మఱియొక మార్పు వచ్చెను. అంతవఱకు ఉత్తర హిందూస్థానపు మీటరు గేజి వేఱు, దక్షిణపుది వేఱు. ఇప్పుడు అజ్మీరు, రత్లాము, ఖాండ్వా, అకోలా, పూర్ణ, సికింద్రాబాదు, ద్రోణాచలము అను వరుసలో ఒక దండ కూర్చబడినది. మా యార్డులో పశ్చిమ రైల్వే, ఉత్తర రైల్వే అక్షరములు కనబడుటకు ఈ దండయే కారణము. ఎన్నడును పాలమూరు దాటని బాలురు ఎడారి సీమల రైల్వే పేరులను కూడబలుకుకొని చదివిరన్న, అది ఈ సంధానము యొక్క ఫలమే.

నాలుగవ పొర 1966 అక్టోబరు 2వ తేది సికింద్రాబాదు కేంద్రముగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడిన పిమ్మటిది. మధ్య రైల్వేలోని సికింద్రాబాదు డివిజను కొత్త రైల్వేకు వచ్చినది. గుంతకల్లు డివిజను మాత్రము 1977 వఱకు దక్షిణ రైల్వేలోనే యుండెను. మేము చూచిన యార్డు ఈ నాలుగవ పొరకు చెందినది. ఒకే బండిలో నాలుగైదు రైల్వేల అక్షరములు వరుసగా నిలుచుటయు, వానిలో కొన్నింటి రంగు క్రింద పాత అక్షరములు చాయగా తోచుటయు మాకు బాగుగా జ్ఞప్తియందున్నవి. అవి ఏ అక్షరములో ఆనాడు వ్రాసికొనియుండినచో ఈ విభాగము ఇంతకంటె గట్టిగా నిలిచియుండెడిది.

7. సరకు, మనుషులు, మాటలు

పాలమూరు సీమ మెట్టపంటలకు నెలవు. జొన్న ఇంటితిండికి, వేరుసెనగ, ఆముదము అమ్మకమునకు. వనపర్తి, గద్వాల, జడ్చర్ల గంజిలు పల్లికి పేరుపడినవి. పెట్టె నిండుటకు ఎన్నో ఎడ్లబండ్ల సరకు కావలెను. సామాన్యుడైన మెట్టరైతు పంట ఒక పెట్టెను నింపదు. కావున పెట్టెను ‘బుక్కు’ చేయువాడు రైతు కాడు. పదుగురి పంటను చేర్చి కొను అడ్తీదారు. దడవాయి తూచును, హమాలీ మోయును, అడ్తీదారు బిల్టీ తీసికొనును. బిల్టీయనగా రైల్వే యిచ్చు రసీదు. అది ఎవరి చేతనున్న సరకు వారిది. సరకు దారిలో నుండగనే బిల్టీ చేతులు మారుటయు, దానిపై అప్పు పుట్టుటయు కలవు. ఈ కాగితము రైతు చేతికి రాలేదు. రైలు వచ్చినందున పల్లెకు దూరపు అంగడి దగ్గఱైనది నిజమే. కాని ఆ దగ్గఱతనము పెట్టె నింపగలిగినవానికే ముందు దక్కినది.

పదముల విషయమును గమనింపదగినది. కోస్తావారు ‘గూడ్సుబండి’ యన్నదానిని ఇచ్చటి పెద్దలు ‘మాలుగాడి’ యనెడివారు. ‘పెట్టె’తో పాటు ‘డబ్బా’ వాడుకలో నుండెను. బిల్టీ, హమాలీ, అడ్తి, దడవాయి, గంజి, కరోడ్‌గిరి అనునవి ఉర్దూ పరిపాలనమును, ఉత్తరాది వర్తకమును తెచ్చిన మాటలు. షంటింగు, పాయింటు, సిగ్నలు, డెమరేజి అనునవి ఇంగ్లీషు మాటలు. ఒకే యార్డులో ఒకే దినమున ఒకే హమాలీ నోట ఈ రెండు జాతుల మాటలును తెలుగు విభక్తులతో కలిసి వెలువడెడివి. ఏ మాట అంగడినుండి వచ్చెను, ఏ మాట పట్టాలనుండి వచ్చెనను విభజనము చక్కగా నిలుచుచున్నది: సరకునకు, డబ్బునకు, మోతకు సంబంధించినవి ఉర్దూ వైపువి, యంత్రమునకు, నియమమునకు సంబంధించినవి ఇంగ్లీషువి. మాండలిక పదకోశములను సిద్ధపఱచువారు వ్యవసాయము, చేనేత వంటి వృత్తులతో పాటు రైలుకూలీల వృత్తిపదములను గూడ సేకరింపవలెనని మా మనవి.

సరకుతో పాటు మనుషులును ఈ మార్గమున పోయిరి. వానలు తప్పిన యేండ్లలో పాలమూరు కూలీలు దూరదేశములకు వలసపోవుట అందఱెఱిగినదే. మంచి యేడు పల్లి బస్తాలు, చెడ్డ యేడు కూలిజనము—ఈ సీమ వెలికి పంపినవి ముఖ్యముగా ఈ రెండు. ఒకదానికి బిల్టీ యుండెను, రెండవదానికి లేకుండెను. అందువలననే మొదటిదాని లెక్క రైల్వే కచేరీలలో వ్రాయబడినది. రెండవదాని లెక్కను మనము వృద్ధుల నోటనుండి వినవలసియున్నది.

8. మీటరు గేజి తొలగుట

1980 తరువాత రైల్వేలు సరకు రవాణా విధానమును మార్చుకొనినవి. ఒక్కొక్క పెట్టెను వేఱువేఱు స్టేషనులలో చేర్చుకొని, యార్డులలో విడదీసి, మరల కూర్చి నడుపుట ఆలస్యమునకు, నష్టమునకు కారణమగుచున్నదని తలచి, ఒకే చోటినుండి ఒకే చోటికి పోవు నిండుబండ్లకు ప్రాధాన్యమిచ్చినవి. ఇట్టి నిండుబండికి ‘రేకు’ అని పేరు. నాలుగు చక్రముల పెట్టెలు, శూన్యపు బ్రేకులు క్రమముగా తొలగి, గాలిబ్రేకులు గల పెద్ద బోగీ పెట్టెలు వచ్చినవి. పాత బ్రాడ్‌గేజి నాలుగు చక్రముల పెట్టె సుమారు 22 టన్నులు మోయగా, కొత్త బీసీఎన్ తరగతి కప్పుపెట్టె 50 టన్నులకు పైగా మోయును. నలుబది పెట్టెల రేకులో రెండువేల టన్నుల సరకు పట్టును.

1992లో ఏకగేజి పథకము ప్రారంభమైనది. ఆ దశాబ్దముననే సికింద్రాబాదు–ద్రోణాచలము మార్గము బ్రాడ్‌గేజికి మార్చబడినది. ఈ మార్పు మేలు కలుగజేయలేదని మేమనము. సికింద్రాబాదులోని రెండవ మోత తప్పినది. బండ్ల వేగము పెరిగినది. 2013లో గద్వాలనుండి రాయచూరునకు కొత్త మార్గమును తెఱువబడినది. కాని లాభనష్టములను గూర్చి వ్రాయునపుడు రెండవ పుటను గూడ తిప్పవలెను. పూర్వము పెట్టె నింపలేనివాడు రైతు, అడ్తీదారు నింపగలిగెను. రేకు వచ్చిన పిమ్మట దానిని నింపలేనివాడు అడ్తీదారు. పెద్ద సంస్థలును, ప్రభుత్వ సంస్థలును మాత్రమే నింపగలవు. చిన్న వర్తకుని సరకు లారీకి మరలినది. పెట్టె పరిమాణము పెరిగిన కొలది, దాని తలుపు తట్టగలవారి సంఖ్య తగ్గినది. రవాణాచరిత్రలో ఇది కేవలము యంత్రవిషయము కాదు. ఎవరికి అంగడిలో నిలుచు చోటు దొరకెను, ఎవరికి తప్పెనను సాంఘిక విషయము.

పాత పెట్టెలు ఏమైనవి? పట్టాలు పోయిన పిమ్మట మీటరు గేజి పెట్టెకు నిలువనీడ లేదు. కొన్ని మిగిలిన మీటరు గేజి మార్గములకు తరలింపబడెను. కాలము తీఱినవి ఇనుప తుక్కుగా అమ్మబడెను. ఇనుము కరగినపుడు దానిపై వ్రాతయు కరగినది. దేవాలయము కూలినను శాసనపు ఱాయి పొలముగట్టున దొరకవచ్చును. ఆలంపుర ప్రాంతమున శ్రీశైలము జలాశయపు ముంపునకు లోనైన ఆలయములను ఱాయిఱాయిగా తరలించి నిలిపికొంటిమి. కూడలి సంగమేశ్వరాలయము అట్లే రక్షింపబడినది. గూడ్సు పెట్టె ఒక్కదానినైన ఈ సీమ తనకై నిలిపికొనవలెనని ఆనాడు ఎవరికిని తోచలేదు; మాకును తోచలేదు.

9. ముగింపు

ఇంతవఱకు చెప్పినదానివలన తేలిన అంశములు మూడు. వనపర్తి రోడ్డు వంటి చిన్న యార్డులోని పెట్టెల చిహ్నములు రాజ్యముల కలయికను, విడుపును, రైల్వేల పునర్విభజనమును తెలుపు ఆధారములు. పెట్టె పరిమాణము గ్రామమునకు అంగడికి గల సంబంధమును శాసించినది. యార్డు మాట్లాడిన తెలుగు ఈ సీమ భాషాచరిత్రలో ఒక ప్రత్యేకాధ్యాయము.

ఈ అంశములను నిర్ధారించుటకు ఇంకను సామగ్రి కలదు. 2016 అక్టోబరులో మహబూబునగరము జిల్లానుండి వనపర్తి, జోగులాంబ గద్వాల, నాగరుకర్నూలు జిల్లాలు వేఱుపడినవి. కొత్త జిల్లాలకు కొత్త చరిత్రలు వ్రాయబడుచున్నవి. వానిలో సంస్థానాధిపతుల వంశావళులకు చోటు తప్పక దొరకును. గంజిలోని పాత దుకాణముల అటకలపై బిల్టీలు, చిట్టాలు ఉండవచ్చును. పాత కుటుంబఛాయాచిత్రములలో మనుషుల వెనుక ఒక పెట్టె గోడయు, దానిపై రెండక్షరములును పడియుండవచ్చును. మీటరు గేజి కాలమున యార్డులో పనిచేసిన పాయింట్సుమనులు, హమాలీలు నేడు వృద్ధులు. వారి మాటలను వ్రాసికొనుటకు గ్రంథాలయము అక్కఱలేదు. ఒక పుస్తకమును, కొంత ఓపికయు చాలును.

పరిశోధకవిద్యార్థులు ఈ పనికి పూనుకొందురేని, మేము పైన చెప్పినదానిలోని తప్పులను వారే దిద్దగలరు. అట్లు దిద్దబడుటయే ఈ వ్యాసమునకు సార్థక్యము. ఆలస్యము చేసినచో దిద్దుటకు సాక్షులు మిగులరు.